డెబ్భై అయిదు కిలోల మనిషి

నా లెక్కల్లో ప్రతి మనిషీ 75 కిలోలే. మా అమ్మమ్మ నలభై దాటి ఉండేది కాదు. లెక్కలో ఆవిడ కూడా 75.

నేను ఓడలు గీస్తాను. ఇప్పుడు ఒక కొత్త ఫెర్రీకి ప్రాథమిక డిజైన్ చేస్తున్నాం. 200 మంది జనం, ఎనిమిది లారీలు. ఈ దశలో ఓడకి పేరుండదు, రంగుండదు. పొడవెంత, వెడల్పెంత, నీళ్లలోకి ఎంత దిగుతుంది, బరువెంత, ఆ బరువు ఏ ఎత్తులో ఉంది. అంతే. పొడవు పెంచితే ఇనుము పెరుగుతుంది. ఇనుము పెరిగితే పెద్ద ఇంజను కావాలి, దానికి ఎక్కువ డీజిలు, దానితో మళ్లీ బరువు. తిరిగి మొదటికే రావాలి. మావాళ్లు దీన్ని డిజైన్ స్పైరల్ అంటారు. నాకైతే గానుగెద్దు గుర్తొస్తుంది. కాకపోతే మేం ప్రతి చుట్టుకీ కాస్త లోపలికి జరుగుతాం.

నాకు మొదట తెలిసిన ఓడ పంటు. నరసాపురం రేవులో ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, సఖినేటిపల్లిలో దిగేవాళ్లం. అమ్మమ్మగారి ఊరు ఆ ఒడ్డునే. మోటారు సైకిళ్లు, ఆటోలు, కొబ్బరికాయల బస్తాలు, పాలక్యాన్లు, వాటి మధ్య మేం. ఒడ్డు దగ్గరపడగానే జనమంతా ఎగబడేవాళ్లు. "అందరూ ఒక్కపక్కకే వచ్చేత్తారేంటండీ బాబూ!" అని సరంగు అరిచేవాడు. అమ్మమ్మ మాత్రం నా జబ్బ పట్టుకుని నడిమధ్యనే నిలబడేది. "తొందరేముందే, రేవెక్కడికీ పోదు" అనేది.

చాలా ఏళ్ల తర్వాత ఆ సరంగు అరుపు నాకు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ నిబంధనల్లో కనిపించింది. మనిషికి 75 కిలోలు. చదరపు మీటరుకి నలుగురు. నిలబడ్డ మనిషి బరువు డెక్కుకి ఒక మీటరు పైన ఉన్నట్టు లెక్క. అందర్నీ ఒకే పక్కకి తోసి చూడాలి. అప్పుడు కూడా ఓడ పది డిగ్రీలకి మించి ఒరగకూడదు. ఇది రాసినవాళ్లెవరో జనాన్ని బాగా ఎరిగినవాళ్లు. మనం చెప్పినచోట కూర్చుంటామని వాళ్లు నమ్మలేదు.

200 మందిని కలిపితే 15 టన్నులు. నిండా లోడెక్కిన ఒక్క ఆరు చక్రాల లారీ అంతకంటే బరువు. అయినా లారీని గొలుసులతో బిగిస్తే ఉన్నచోటే ఉంటుంది. పైగా కింది డెక్కులో ఉంటుంది. లారీల డెక్కుతో భయం వేరు. అది అడ్డుగోడల్లేని పెద్ద హాలు, నీళ్లు చేరాయంటే ఈ పక్క నుంచి ఆ పక్కకి పరిగెడతాయి. 1987 మార్చి 6న 'హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్' ముందు తలుపులు మూయకుండానే బెల్జియంలోని జీబ్రుగ్గ రేవు దాటింది. నిమిషాల్లో ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు.

2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "నువ్వు గీసేవీ ఇలాంటివేనా?" అని అడిగింది. నది వేరు, సముద్రం వేరు, నిబంధనలు వేరు అని చెప్పబోయాను. గొంతు పెగల్లేదు.

పోయిన నెల మీటింగులో, ఓడ కట్టించుకునేవాళ్లు టూరిస్టుల కోసం పైన ఇంకో డెక్కు అడిగారు. మరో 60 మంది. వేసి చూశాను. ఒరుగు 9.6 డిగ్రీలు.

"పదికి లోపలే కదండీ?"

లోపలే. పరీక్షలో ముప్ఫై అయిదు వచ్చినవాడూ పాసే. కానీ ఈ దశలో మా బరువులన్నీ అంచనాలే. ఓడ కట్టేటప్పుడు బరువు పెరగడమే ఎక్కువ. తర్వాత ఒక ఏసీ, ఒక క్యాంటీన్, పూత మీద పూత. వయసొచ్చేకొద్దీ ఓడ కూడా మనలాగే బరువెక్కుతుంది.

వెడల్పు పెంచుదామన్నాను. వెడల్పు పది శాతం పెంచితే ఓడకి నిలకడనిచ్చే ఒక ముఖ్యమైన అంకె 33 శాతం పెరుగుతుంది. ఈరోజు అది స్క్రీన్ మీద ఒక గీత జరపడం. ఇనుము కోశాక కుదరదు. డీజిలు ఖర్చు పెరుగుతుందన్నారు. నిజమే. అయితే ఆ డెక్కు వదిలేద్దామన్నాను. ఎవరూ మాట్లాడలేదు. ఇంకా ఏదీ తేలలేదు.

రాత్రి వెడల్పు పెంచి మళ్లీ లెక్క వేశాను. 260 మందిని ఒక్కొక్క వరుసగా ఒక పక్కకి జరపాలి. నడిమధ్యన ఎవర్నీ వదలకూడదు, అమ్మమ్మని కూడా. జరిపాను. ఓడ కొంచెం ఒరిగి, అక్కడే ఆగింది.