సాస్తి నుండి సైకిలు దారులు

చంద్రపూరు జిల్లా బొగ్గు ప్రాంతంలో యేనాడో వచ్చి స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో సైకిలు యెరుగని యిల్లు వుండదు. తాతలు దానిమీదనే గనికి వెళ్ళారు. హ్యాండిలుకు టిఫిను డబ్బా, వెనుక క్యారియరు మీద వంటచెరకు మోపు, ముందు కడ్డీమీద బడికి పోయే పిల్లవాడు. కాని ఆ సైకిలు యింటినుండి గనికీ, గనినుండి సంతకూ తిరిగిందేగాని, ఊరి చుట్టూ వున్న దేశం చూద్దామని తొక్కినవారు బహు తక్కువ. ఇప్పుడు పిల్లల చేతికి గేర్ల సైకిళ్ళు వచ్చినవి. సెలవులకు మా యింటికి వచ్చిన మేనల్లుడు, "మామా, సైకిలైతే వుంది, యెటు పోవాలె?" అని అడిగాడు. వాడివంటి వాళ్ళు మన యిళ్ళలో యింకా వుంటారు కాబట్టి, ఆ జవాబు యిక్కడ కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

సాస్తి వర్ధానది కుడిగట్టున వున్నది. అవతలి గట్టు బల్లార్‌పూరు. ఒకప్పటి గోండు రాజుల కోట, కాగితపు మిల్లు, రైలు జంక్షను అన్నీ అటే. ఇవతల తాలూకా కేంద్రమూ, పత్తి వ్యాపారపు ఊరూ రాజురా. ఈ రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాజ్యంలో ఆదిలాబాదు జిల్లాకు చెందినది. రాష్ట్రాల పునర్విభజనలో బొంబాయి రాష్ట్రానికి పోయి, మొదట నాందేడు జిల్లాలోనూ, 1959లో చాందా జిల్లాలోనూ చేరింది. అందుచేత మన పెద్దలలో కొందరు యే దేశానికీ వలస రాలేదు; వాళ్ళు యింట్లో కూర్చుని వుండగా జిల్లాయే మారిపోయింది. ఈ సంగతి చరిత్ర పుస్తకంలో చదివినదానికంటె లక్కడ్‌కోట వైపు సైకిలు తొక్కినప్పుడు బాగా తెలుస్తుంది. దాని మాట తరువాత.

ముందు చెడ్డదారి సంగతి చెప్పి వదిలించుకుంటాను. సాస్తినుండి రాజురాకు పోయే ముక్క బొగ్గు టిప్పర్ల సొత్తు. రోడ్డు అంచున నల్లటి దుమ్ము మెత్తగా పేరుకుని వుంటుంది. ముందుచక్రం అందులో దిగితే జారుతుంది, దిగకపోతే వెనుకనుండి హారను. షిఫ్టు మారే వేళలలో యీ రోడ్డు పట్టవద్దు. పదహారేళ్ళ లోపు పిల్లలనైతే అసలు సైకిలుమీద పంపవద్దనే నా మతం. రెండు సైకిళ్ళు ఒక ఆటోమీద కట్టి రాజురా దాటించి, అక్కడ దింపి తొక్కమంటే ఒకరి పరువేమీ పోదు.

ఈ ముక్కలో చూడదగినది ఒకటే, గుట్టలు. కొత్తగా వచ్చిన చుట్టాలు వాటిని చూసి, "కొండలు బాగున్నవే!" అంటారు. అవి కొండలు కావు. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు అందడానికి ముందు పైనున్న మన్నూ రాయీ తవ్వి ఒక పక్కన పోస్తారు. ఆ పోతలే యేళ్ళు గడిచేకొద్దీ గుట్టలై, తుమ్మా గడ్డీ మొలిచి, వానకు చారలుగా కోసుకుపోయి, నిజమైన కొండల్లా నిలబడినవి. గని పెరిగినప్పుడల్లా ఒక పాత బండిబాట తెగుతుంది. తాత చెప్పిన దారి పట్టుకుపోతే యెదురుగా గట్టు వస్తుంది, వెనక్కి తిరగవలసిందే. పిల్లలకు దారి చెప్పేటప్పుడు పెద్దవాళ్ళు యీ మాట గుర్తుంచుకోవాలి. వాళ్ళ చిన్ననాటి బాటలలో కొన్ని యిప్పుడు భూమిమీద లేవు. బొగ్గు మాత్రం పాతచుట్టమే. వర్ధాలోయ బొగ్గూ, దక్షిణాన సింగరేణి బొగ్గూ గోండ్వానా కాలపు పొరలే. మనవాళ్ళు అక్కడనుండి యిక్కడకు పనికి రావడంలో కొత్త విద్య నేర్చుకోవలసిన అవసరం లేకపోయింది.

సహజమైన మిట్టపల్లాలు రాజురా దాటి గడ్‌చాందూరు రోడ్డు పట్టిన తరువాతనే. ఆ రోడ్డుమీద సిమెంటు లారీలు వుంటవి, నిజమే. ఆ ప్రాంతమంతా సున్నపురాయి కాబట్టి కర్మాగారాలు వెలిసినవి. అయితే తెల్లవారగానే బయలుదేరితే రెండు గంటలపాటు రోడ్డు మనదే. ఇక్కడి యెత్తుపల్లాల తీరు ఒకసారి గ్రహిస్తే శ్రమ సగమవుతుంది. కొండలనుండి వర్ధాకు పోయే చిన్నవాగులు రోడ్డును అడ్డంగా కోస్తూ వుంటవి. ప్రతి వాగుకూ ఒక దిగుడు, వాగు దాటగానే ఒక యెక్కుడు. దిగుడులో బ్రేకు పట్టి వంతెనమీద నెమ్మదించినవాడు అవతల దిగి నెట్టవలసిందే. వంతెన ఖాళీగా కనబడితే వేగం పోనీయకుండా వదిలితే, ఆ వూపే సగం మిట్ట యెక్కిస్తుంది. గేర్లు లేని మన పాత నల్ల సైకిలుకు యిదే గేరు. మా మేనల్లుడు మొదటి రెండు మిట్టలమీద గేర్లు మార్చడంలోనే అలసిపోయాడు. మూడోదానికి నన్ను చూసి నేర్చుకున్నాడు.

రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి. పత్తి, కంది, సోయా. పత్తి విచ్చిన నెలల్లో, అంటే దీపావళినుండి సంక్రాంతిదాకా, యీ దారిని చూడాలి. అదే నేల వానాకాలంలో పగ తీర్చుకుంటుంది. రోడ్డు దిగి చేనిబాట పట్టారా, బంక మన్ను చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య దూరి చక్రాన్ని బిగించేస్తుంది. సైకిలు మనం మొయ్యాలి. వెంట ఒక పుల్ల వుంచుకోండి, గీకడానికి. ఎండాకాలంలో తుమ్మముళ్ళు. గాలిపంపూ, రబ్బరుముక్కలూ, సొల్యూషనూ లేకుండా వెళ్ళేవాడు తిరిగి నడిచి వస్తాడు.

గడ్‌చాందూరు చేరాక అమల్‌నాలా జలాశయం, దాని వెనుక మాణిక్‌గఢ్ కొండలు. కొండమీది పాతకోటను నాగవంశపు రాజులు కట్టించారని చెప్తారు. తరువాత గోండు రాజులు యేలారు. అక్కడనుండి జివతికి పోయేది ఘాటురోడ్డు. అలవాటు లేనివారు జలాశయం దగ్గర చద్ది తిని తిరిగి రావడం మంచిది. కాళ్ళలో సత్తువ వున్నవారు మాత్రం పైకి వెళ్ళవలసిందే. పైన గోండుల, కొలాముల పల్లెలు. ఒక యింటి ముందు ఆగి నీళ్ళడిగితే గోండు ముసలమ్మ నీటిని "ఏర్" అంటుంది. మన ఏరు! లెక్క పెట్టమంటే రండ్, ముండ్, నాలుంగ్ అంటుంది. వీళ్ళ భాషా మన భాషా ద్రావిడ కుటుంబంలో దగ్గరి కొమ్మలని పండితులు చెప్తే తలూపుతాం. మిట్ట యెక్కి దాహంతో నిలబడి ఆ మాట వింటే మరి తల వూపడంతో సరిపోదు. మా మేనల్లుడు ఆ లెక్కను యింటిదాకా చదువుకుంటూ వచ్చాడు.

రెండవ దారి విరూరు వైపు. అడవి దగ్గర, నీడ యెక్కువ, లారీలు తక్కువ. చూపులకు యిదే అందమైనది. అయినా నేను దీనిని పిల్లలకు మొదట చెప్పను. రాజురా, విరూరు అడవులలో మనుషులను చంపిన పులిని 2020 అక్టోబరులో అటవీశాఖవారు పట్టుకున్నారు. ఆ ఒక్క పులి పోయినా అడవి అడవే, జిల్లాలో పులుల సంఖ్య యేమీ తగ్గలేదు. సైకిలుకు చప్పుడు వుండదు, వంగి తొక్కేవాడు పులి కంటికి మనిషిలా కనిపించడు. పొద్దు బాగా యెక్కిన తరువాత నలుగురైదుగురు కలిసి మాట్లాడుకుంటూ పోవాలి. సాయంత్రం నాలుగింటికల్లా అడవి దాటి వుండాలి. దారిలో పశువులకాపరి వద్దంటే మారుమాట లేకుండా మళ్ళాలి. అతనికి తెలిసినది మన ఫోనుకు తెలియదు.

కాలం మాట కూడా చెప్పాలి. ఐక్యరాజ్యసమితివారు 2018లో జూన్ 3ను ప్రపంచ సైకిలు దినంగా ప్రకటించారు. వారిలో యెవరూ వేసవిలో చంద్రపూరు వచ్చినట్టు లేదు. ఇక్కడ 47 డిగ్రీలు దాటిన రోజులు వున్నవి. హోళీనుండి తొలకరి స్థిరపడేదాకా సైకిలును గోడకు ఆనించి వుంచడమే వివేకం. వానలు ముదిరితే వర్ధా పొంగి రాజురా, బల్లార్‌పూరుల నడుమ రోడ్డు మూసుకుపోతుంది. 2022 జూలైలో అదే జరిగింది. సాత్పురా కొండలలో బేతూలు జిల్లాలో పుట్టిన యీ నది వైన్‌గంగతో కలిసి ప్రాణహితయై కాళేశ్వరం దగ్గర గోదావరిలో పడుతుంది. వంతెనమీద ఆగి ఆ నీటిని చూసేటప్పుడు మన చుట్టాల వూళ్ళకు పోయే నీరు గదా అనిపిస్తుంది నాకు.

ఇక లక్కడ్‌కోట దారి. రాజురానుండి ఆసిఫాబాదు వైపు పోయే రహదారి యిది. తీరికగా తొక్కితే లక్కడ్‌కోటకు రెండు గంటలు. పెద్ద బండ్లు వుంటవి కాబట్టి అంచు విడువరాదు. మిట్టలు పొడుగు, కాని మెల్లనివి. సరిహద్దు దాటితే వాంకిడి, తెలంగాణ. బోర్డుమీద అక్షరాలు మారుతవి గాని, చేలు మారవు, మన్ను మారదు, టీకొట్టు మనిషి మాట కూడా ఒక్కసారిగా మారదు. ఇటు మరాఠీలో తెలుగు కలిపి మాట్లాడినవాడే అటు తెలుగులో మరాఠీ కలుపుతాడు. మా మేనల్లుడు అటుపక్క దుకాణపు బోర్డును కూడబలుక్కుని చదివాడు. ఇంట్లో తెలుగు మాట్లాడుతాడు, బడిలో మరాఠీ చదివాడు; తెలుగు అక్షరాలు వాళ్ళమ్మ కొన్ని నేర్పింది. మూడవ మాట దగ్గర ఆగిపోయి, "మామా, యిది ఖ నా, భ నా?" అన్నాడు. కొట్టాయన చెప్పి, రెండు టీలు పోసి, యే వూరని అడిగాడు. సాస్తి అంటే, తన మేనత్తను అక్కడే యిచ్చారన్నాడు. ఆమె యిల్లు గనికి యే పక్కనో అడిగి గుర్తు చెప్పుకున్నాం. ఒంటిగంట అయింది. సీసాలు నింపుకుని, గాలి చూసుకుని, యెండ వెనక్కి తిరగకముందే రాజురా దారి పట్టాము.