నాన్నా, బోల్టు విరిగింది

టిక్ టిక్ టిక్ టిక్.

పొద్దున్నే బండి స్టార్ట్ చెయ్యగానే బానెట్ కింద నుంచి ఈ చప్పుడు వచ్చేది. ఐదు నిమిషాలు నడిపితే మాయమైపోయేది. మర్నాడు పొద్దున మళ్లీ హాజరు. ఇంజన్ ఆయిల్ మార్చా, పోలేదు. ఖరీదైన ఆయిల్ పోశా, పోలేదు. ఆర్నెల్ల తర్వాత ఓ ఆదివారం టైరు మీదుగా ఫోన్ లైట్ వేసి చూస్తే అప్పుడు కనిపించింది. కుడిపక్క ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చివరి బోల్టుకి తల లేదు. ఎప్పుడో తెగి పడిపోయింది. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి పొగ చిమ్ముతూ టిక్ టిక్ అంటోంది. వేడెక్కాక ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటోంది. వ్యాకోచం గురించి నేను పరీక్షలో రెండు పేజీలు రాశాను. నాది బీటెక్ మెకానికల్. పని మాత్రం సాఫ్ట్‌వేర్. మన బ్యాచ్‌లో ఎంతమందిది ఇదే కథో మీకు చెప్పక్కర్లేదు.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ముగ్గురం కలిసి ఒక ఇల్లు అద్దెకి తీసుకుని ఉంటున్నాం. మావాళ్లందరివీ ఎలక్ట్రిక్ కార్లు, లేదంటే మళ్లీ అమ్మితే రేటు పడిపోని జపాన్ కార్లు. నాది మాత్రం పదిహేనేళ్లు దాటిన వి8 పికప్ ట్రక్. "ఇదేం బండిరా, ఇటుకలు తోలతావా?" అని అడగని తెలుగోడు లేడు. కానీ ఎవరు ఇల్లు మారినా, ఎవరు పాత సోఫా కొన్నా ముందు ఫోన్ వచ్చేది నాకే.

షాపువాడు 1,900 డాలర్లు అడిగాడు. అందులో ఎక్కువ భాగం కూలీయే. వస్తూ వస్తూ దార్లో ఒక ఆలోచన వచ్చింది. ఎలాగూ పాత మానిఫోల్డ్ ఊడదీయాలి కదా, మళ్లీ ఆ పోత ఇనుము ముద్దనే ఎందుకు బిగించడం? హెడర్స్ పెట్టేస్తే పోలా? అదీ నేనే పెడితే?

హెడర్స్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలు మానిఫోల్డ్‌లో నాలుగు సిలిండర్ల పొగా ఇరుకు సందులోకి ఒకేసారి తోసుకొస్తుంది, సంక్రాంతికి హైదరాబాద్ వదిలిన బళ్లన్నీ టోల్‌గేట్ దగ్గర చేరినట్టు. హెడర్‌లో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో గొట్టం వేరుగా వంపు తిరిగి వచ్చి, చివర్లో అన్నీ ఒకటిగా కలుస్తాయి. ఒక గొట్టంలో పొగ వేగంగా వెళ్తే, దాని వెనక ఏర్పడే తక్కువ పీడనం పక్క సిలిండర్ పొగని కూడా లాగుతుంది. ఇంజన్‌కి ఊపిరి ఆడుతుంది. పవర్ కొంచెం పెరుగుతుంది. యూట్యూబ్‌లో చూపించినంత మాత్రం పెరగదు, ముందే చెప్తున్నా.

వీటిలో పొట్టివి, పొడుగువి అని రెండు రకాలు. పొడుగువాటితో లాభం ఎక్కువే. కానీ చాలా బళ్లలో వాటికోసం కెటలిటిక్ కన్వర్టర్ జరపాలి, లేదా పీకాలి. రోడ్డు మీద తిరిగే బండికి అది పీకడం అమెరికాలో చట్టవిరుద్ధం. టెక్సాస్‌లో 2025 నుంచి మామూలు బళ్లకి సేఫ్టీ తనిఖీ తీసేశారు గానీ, డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష ఇంకా ఉంది. పైగా మన ఊళ్లలో పోలీసులు మార్చిన సైలెన్సర్లని రోడ్డు మీద పేర్చి రోలర్‌తో తొక్కించే వీడియోలు చూసి పెరిగిన ప్రాణం. బుద్ధిగా పొట్టివే తెప్పించుకున్నా. కన్వర్టర్ ఉన్నచోటే ఉంటుంది, ఆక్సిజన్ సెన్సర్ల వైర్లు కూడా సరిపోతాయి.

అక్టోబర్‌లో ఓ శుక్రవారం రాత్రి బోల్టులన్నిటికీ తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి పడుకున్నా. శనివారం తెల్లారగానే మొదలుపెట్టా. బ్యాటరీ నెగటివ్ వైరు పీకడం, బండి లేపి స్టాండ్ల మీద నిలబెట్టడం (జాకీని నమ్మి బండి కింద దూరకండి, ప్రాణాలు పోతాయి), ముందు చక్రాలు తీసి వాటి వెనక ప్లాస్టిక్ తొడుగులు తీయడం. అవి తీశాక అటునుంచి మానిఫోల్డ్ చేతికి అందుతుంది. కుడిపక్క గంటన్నరలో అయిపోయింది. తల తెగిన బోల్టు భయపెట్టింది కానీ, మానిఫోల్డ్ తీశాక అరంగుళం ముక్క బయటికే ఉంది. లాకింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పితే వచ్చేసింది. ఆ ఊపులో ఒక సెల్ఫీ కూడా దిగా.

ఎడమపక్క వెనక బోల్టు. ఇక్కడ స్టీరింగ్ ఎడమపక్క కదా, దాని రాడ్డు అడ్డం. చెయ్యి సరిగ్గా పట్టదు. పానాకి పైపు తగిలించి గట్టిగా లాగా. అది మెత్తగా తిరిగింది. హమ్మయ్య అనుకున్నా. మెత్తగా తిరగడం కాదది, తెగడం. తల చేతిలోకి వచ్చింది. లోపల మిగిలిన ముక్క బయటికి రెండు మిల్లీమీటర్లుంది. ప్లయర్ పట్టదు. డ్రిల్ చేద్దామంటే మిషన్ దూరదు. హెడ్ అల్యూమినియం, డ్రిల్ పక్కకి జారిందంటే ఇంజన్ విప్పాల్సిందే.

అప్పుడు టైమ్ పొద్దున పదకొండు. విజయవాడలో రాత్రి తొమ్మిదిన్నర. నాన్న పడుకునే వేళ.

మా నాన్న ఆటోనగర్‌లో లారీ మెకానిక్. ముప్పై ఏళ్లు షెడ్డు నడిపాడు. నన్ను మాత్రం పానా ముట్టుకోనివ్వలేదు. ఎండాకాలం సెలవుల్లో షెడ్డుకెళ్తే బల్ల మీద కూర్చోబెట్టి సోడా ఇప్పించేవాడు. ఏదైనా పట్టుకోబోతే "చెయ్యి తియ్" అనేవాడు. నాకూ అది బాగానే ఉండేది. స్కూల్ మీటింగుకి ఆయన రాకపోతే బావుండు అనుకున్న రోజులున్నాయి. ఎంత సబ్బు పెట్టి తోమినా గోళ్లలో నలుపు పోయేది కాదు.

నేను అమెరికా వచ్చాక మా ఫోన్ నలభై సెకన్లు. "తిన్నావా? డ్యూటీ బాగుందా? అమ్మకిస్తున్నా."

ఫోన్ చేసి చెప్పా. "నాన్నా, బోల్టు విరిగింది."

"ఏం బోల్టు?"

చెప్పా. అటుపక్క కాసేపు ఏమీ వినిపించలేదు.

"బండి కింద దూరటానికా నిన్ను అంత దూరం పంపింది?" అని కట్ చేశాడు.

గ్యారేజీ నేల మీద కూర్చున్నా. షాపువాడికి ఫోన్ చేద్దామా, బండిని లాక్కెళ్లే లారీని పిలుద్దామా అని లెక్కలు వేసుకుంటుంటే ఇరవై నిమిషాలకి అమ్మ నంబర్ నుంచి వీడియో కాల్. తెరనిండా నాన్న నుదురు.

"ముక్క బయటికి ఎంతుంది? ఫోన్ దగ్గరగా పెట్టు. వణక్కుండా పట్టుకో."

చూశాడు. "కొవ్వొత్తి ఉందా?"

ఇంట్లో ఉన్న కొవ్వొత్తులల్లా రూమ్మేట్ పుట్టినరోజు కేకు మీదవి. బోల్టు చుట్టూ ఆయిల్ తుడిపించి, చిన్న గ్యాస్ టార్చ్‌తో వేడి చేయించి, ఆ గులాబీరంగు కొవ్వొత్తిని ఆనించమన్నాడు. కరిగిన మైనం మరల్లోకి పాకుతుందట. ఆటోనగర్‌లో పాతకాలం వైద్యం. మైనం పాకింది. బోల్టు మాత్రం కదల్లేదు.

"సరే, నట్టు వెల్డింగ్ కొట్టాలి. వెల్డింగ్ సెట్టు ఎవరి దగ్గరుంది?"

రెండిళ్ల అవతల పెద్దాయన గ్యారేజీలో ఉంది. అడిగితే సెట్టూ, హెల్మెట్టూ పట్టుకుని తనే వచ్చాడు. తెలుగు రాని ఆయనా, ఇంగ్లిషు రాని నాన్నా, మధ్యలో నేను అనువాదకుణ్ణి. నిజానికి నా అవసరం పెద్దగా పడలేదు. విరిగిన ముక్క మీద నట్టు పెట్టి, దాని లోపల వెల్డింగ్ నింపితే ఆ నట్టే కొత్త తల అవుతుంది. ఆ వేడికి తుప్పు పట్టు కూడా వదులుతుంది. నాన్న వేళ్లతో గాల్లో చూపించాడు, పెద్దాయన తలూపాడు. "బ్యాటరీ వైర్లు రెండూ పీకావా? కంప్యూటర్ కాలిపోద్ది" అన్నాడు నాన్న. రెండోది పీకలేదు. పీకా.

మొదటి నట్టు ఊడొచ్చింది. రెండోదీ ఊడొచ్చింది. ప్రతిసారీ చల్లారేదాకా పది నిమిషాలు ఆగాలి. ఎర్రగా ఉన్నప్పుడు తిప్పితే మళ్లీ తెగుతుంది.

ఆ పది నిమిషాల్లో మాట్లాడుకోవడం తప్ప పనేం లేదు. పద్నాలుగేళ్లప్పుడు తను మొదటి బోల్టు విరగ్గొడితే మేస్త్రి పానాతో వీపు మీద కొట్టాడని చెప్పాడు. నా ఎమ్మెస్‌కి షెడ్డు అమ్మినప్పుడు వెల్డింగ్ సెట్టు కూడా అందులోనే పోయిందని, అదొక్కటి ఉంచుకుని ఉండాల్సిందని అన్నాడు. షెడ్డు అమ్మిన సంగతి నాకు తెలుసు. "వయసైపోయింది, చాల్లే" అని అప్పుడు చెప్పాడు. నేనూ అలాగే నమ్మేశా, నమ్మడం సుఖం కాబట్టి.

"స్కూల్ ఫారాల్లో తండ్రి వృత్తి దగ్గర వ్యాపారం అని రాసేవాడివిగా" అన్నాడు ఉన్నట్టుండి.

నాకు నోట మాట రాలేదు. "నువ్వు చూశావా?"

"సంతకం నాదే కదరా."

పెద్దాయన హెల్మెట్ పైకెత్తి మా ఇద్దరినీ చూస్తున్నాడు. అనువదించడానికి నా దగ్గర ఏమీ లేదు.

"చల్లారిందా? ముట్టుకుని చూడు" అన్నాడు నాన్న. "ముందు బిగించే వైపు ఒక్క నూలు. తర్వాత వదులు వైపు. లాగకు. అడిగినట్టు తిప్పు."

బిగించే వైపు కొంచెం. వదులు వైపు కొంచెం. మళ్లీ. కిర్ర్... మని సన్నగా మూలిగింది.

"వచ్చింది" అన్నాడు నాన్న, నాకింకా చేతికి తెలియకముందే.

తర్వాతి పని చెప్పుకోడానికి పెద్దగా లేదు. మరలు శుభ్రం చేయడం, కొత్త స్టీల్ గ్యాస్కెట్లు పెట్టడం, కొత్త బోల్టుల్ని మధ్య నుంచి చివర్లకి రెండు విడతల్లో టార్క్ పానాతో బిగించడం, స్పార్క్ ప్లగ్ వైర్లు గొట్టాలకి తగలకుండా కట్టడం. ఆదివారం మధ్యాహ్నం గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తి స్టార్ట్ చేశా. మొదటిసారి పొగ బాగా వస్తుంది, కొత్త గొట్టాల మీద నూనె కాలి. కంగారు పడకండి, కానీ మూసిన గదిలో మాత్రం వద్దు. గొంతు కొంచెం బరువెక్కింది. టిక్ టిక్ లేదు. నాకైతే వినిపించలేదు.

వాట్సాప్ కాల్‌లో ఇంజన్ శబ్దం సరిగ్గా రాదు, దాన్ని గోల అనుకుని కోసేస్తుంది. అందుకని సోమవారం పొద్దున చల్లటి బండిని స్టార్ట్ చేసి, చుట్టూ తిరుగుతూ వీడియో తీసి పంపా. ఆఫీసు మీటింగులో ఉండగా జవాబొచ్చింది. పదకొండు సెకన్ల వాయిస్ మెసేజ్.

"కుడిపక్క బాగుంది. ఎడమపక్క వెనకాల ఇంకా కొడతంది. ఆ విరిగినచోటే. మళ్లీ తెగుద్దేమోనని భయపడి తక్కువ బిగించావు. చల్లారాక చూడు."

సాయంత్రం బండి కింద దూరా. టార్క్ పానా తగిలించా. పావు చుట్టు తిరిగాక టక్‌మంది.