పెదపులివర్రు దారిలో ‘ఫ్రెంజీ’

బాపట్లలో పొద్దున్నే భావనారాయణస్వామి దర్శనం చేసుకుని తెనాలి రైలెక్కాను. తెనాలిలో బండి మారి రేపల్లె పాసింజర్ పట్టుకుంటే భట్టిప్రోలు. అక్కడ దిగి ఆటోలో పెదపులివర్రు. 1930లో సినిమా దర్శకుడు కె. విశ్వనాథ్ గారు పుట్టిన ఊరది.

ముందురోజు రాత్రి హిచ్‌కాక్ ‘ఫ్రెంజీ’ మళ్ళీ చూశాను. దారి పొడవునా అదే మనసులో మెదులుతోంది. చేయి తిరిగిన దర్శకుడు ముసలితనంలో తీసిన సినిమాని ఎలా చూడాలి?

వేమూరు దాటాక ఎదుటి సీటులో పెద్దాయనతో మాట కలిసింది. విశ్వనాథ్ గారి ‘శుభప్రదం’ నాకు నచ్చలేదన్నాను.

“అంత మాట అనకు బాబూ, కళ్ళు పోతాయి!”

కోపం కాదు, నిజంగానే నొచ్చుకున్నారు. ఆ భక్తి నాకు తెలియనిది కాదు. విశ్వనాథ్ గారి ‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. 2023లో సరిగ్గా అదే తేదీన ఆయన కన్నుమూశారు. అది తలుచుకుంటే ఎవరికైనా విమర్శించడానికి నోరు రాదు.

అయినా హిచ్‌కాక్ సంగతి చెప్పాను. ‘టోర్న్ కర్టెన్’, ‘టోపాజ్’ విమర్శల పాలయ్యాక ఆయన పని అయిపోయిందన్నారు. కూరగాయల వ్యాపారి కొడుకాయన. డెబ్బై దాటాక సొంతవూరు లండన్ వెళ్ళి, కోవెంట్ గార్డెన్ కూరగాయల మార్కెట్లో ‘ఫ్రెంజీ’ తీశాడు. 1972లో విడుదలైంది. హంతకుడు ఒకమ్మాయిని తన గదిలోకి తీసుకెళ్తాడు. తలుపు మూసుకుంటుంది. కెమెరా లోపలికి పోదు. వెనక్కి వెనక్కి మెట్లు దిగి వీధిలోకొస్తుంది. బయట బస్తాలు మోసేవాళ్ళు, బండ్ల రొద. లోపల ఏం జరుగుతోందో మనకు తెలుసు, వీధికి తెలియదు. సస్పెన్స్ అంటే అదీ! అదే సినిమాలో అంతకుముందు వచ్చే అత్యాచారం, హత్య మాత్రం అంతసేపు చూపించాల్సిన పనిలేదు. అది మచ్చే. ఆ మెట్ల షాట్‌కి దణ్ణం పెట్టినవాడే ఈ మాటా అనాలి.

పెద్దాయన చాలాసేపు కిటికీలోంచి చూశారు. “అయితే ‘స్వరాభిషేకం’ సంగతేంటి?” అనడిగారు. మంచి ప్రశ్న. 2004లో, డెబ్బై నాలుగేళ్ళ వయసులో విశ్వనాథ్ గారు తీశారు. అన్నదమ్ముల మధ్య సంగీతం తెచ్చిన పొరపొచ్చాలు అందులో మనసుకి తగులుతాయి. అన్న పాత్ర తానే వేశారు. జాతీయ అవార్డు ఊరికే రాలేదు. ఆరేళ్ళ తర్వాత, ఎనభయ్యో ఏట తీసిన ‘శుభప్రదం’లో మంచితనం మాటల్లో వినిపిస్తుందే గాని సన్నివేశంలో కనిపించదు. అల్లరి నరేష్‌లోని చురుకుదనం కూడా ఆ మాటల కింద నలిగిపోయింది. దర్శకుడిగా ఆయన చివరి సినిమా అదే కావడం నాకు బాధ.

భట్టిప్రోలులో ఆటో అబ్బాయికి ఊరి పేరు చెప్పగానే, “‘కలిసుందాం రా’లో తాతగారి ఊరేగా అండీ!” అన్నాడు. వాడికి విశ్వనాథ్ గారు దర్శకుడు కాదు, తాత. పంటకాలువ పక్కగా, అరటి తోటల మధ్య ఊరు చేరాం. వీధులన్నీ తిరిగి చూసి, సాయంత్రానికి రేపల్లె చేరాను.

రైల్లో ఆ పెద్దాయనకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. పెద్దవాళ్ళ మలివయసు సినిమాల్ని భక్తితో వదిలేయకండి, వయసైపోయిందని కొట్టిపారేయకండి. ‘ఫ్రెంజీ’ చూడండి, ‘స్వరాభిషేకం’ చూడండి, ‘శుభప్రదం’ కూడా పూర్తిగా చూడండి. నచ్చకపోతే ఎక్కడ నచ్చలేదో చెప్పండి.