లావోస్ వెళ్లనా, వద్దా?



మన ఇళ్లల్లో 'గ్యాప్ ఇయర్' అంటే లాంగ్‌టర్మ్ కోచింగే. అందుకే ఇరవై ఎనిమిదేళ్ల నేను ఏడాది ఉద్యోగం ఆపి వేరే దేశం చూసొస్తానంటే అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "సంబంధాలు చూస్తుంటే ఆ లావోస్ ఏంటే?" అంది చివరికి.

లావోస్ పేరు నా తలకెక్కించింది ఏడో తరగతి పిల్లాడు. ఆసియా మ్యాప్ చూపించి, "మేడమ్, చుట్టూ ఉన్న దేశాలకి సముద్రం ఉంది, దీనికి లేదేంటి?" అన్నాడు. ఆ దేశం గురించి నాకు ఒక్క వాక్యం కూడా రాదు. సిగ్గేసి ఆ రాత్రే చదవడం మొదలుపెట్టాను.

ఆగ్నేయాసియాలో సముద్రతీరం లేని దేశం అదొక్కటే. మెకాంగ్ ఒడ్డునున్న లువాంగ్ ప్రబాంగ్ 1995 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. చంపాసక్‌లోని వాట్ ఫూ మొదట శివాలయం. దాని మరమ్మతుల్లో మన పురావస్తు శాఖ కూడా పనిచేసింది. వాళ్ల రామాయణం పేరు 'ఫ్రా లక్ ఫ్రా లామ్'. అందులో లక్ష్మణుడిదే ముందు పేరు!

"మరి ఇబ్బందులు?" అన్నారు నాన్న. అవీ రాశాను. 1964–73 మధ్య అమెరికా అక్కడ 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. పేలనివి ఇంకా పొలాల్లో ఉన్నాయి కాబట్టి తెలిసిన దారి వదలకూడదు. టూరిస్టు వీసా 30 రోజులకే ఇస్తారు. దానిమీద పాఠాలు చెప్పి సంపాదించడం కుదరదు. నేను దాచుకున్నది 2 లక్షల 40 వేలు. తిరిగొచ్చి మళ్లీ ఉద్యోగం దొరికేదాకా ఇల్లు గడవాల్సిందీ అందులోంచే.

కాగితం మీద పెట్టేసరికి ఏడాది కాస్తా నెలయింది. వచ్చే వేసవి సెలవుల్లో వెళ్తాను. ఓడిపోయానా అని ఒకరోజు బాధపడ్డాను. కానీ 'వద్దు' అన్న మాట దగ్గర ఆగిపోయుంటే ఈ నెల కూడా ఉండేది కాదు.

రేపు ఇంటర్ అయ్యాక మీ అబ్బాయో అమ్మాయో "ఒక ఏడాది ఆగుతాను" అనొచ్చు. వెంటనే ఔననక్కర్లేదు, కాదనక్కర్లేదు. ఒక తెల్లకాగితం ఇవ్వండి. ఎక్కడికి, ఎందుకు, ఎంత ఖర్చు, ఏం ప్రమాదం, తిరిగొచ్చాక ఏంటి? వాళ్లనే రాయమనండి. తర్వాత పక్కన కూర్చుని చదవండి.

నా కాగితం మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. మొన్న చూస్తే కింద అమ్మ చేతిరాత: "రోజూ ఫోన్ చెయ్యాలి."