ఇంటి గుట్టు

ఇంటి గుట్టు లంకకు చేటు అని మనవాళ్ళ సామెత. కాపురానికి వెళ్ళే ప్రతి పిల్లకూ చీరె సారెలతోపాటు దీన్ని కూడా మూటగట్టి పంపిస్తాం. కాని ఆలోచించి చూడండి. లంక చెడింది విభీషణుడు గుట్టు చెప్పినందుకా, రావణుడు ఒక ఆడదాన్ని చెరబట్టినందుకా?

సల్మానియాలో కాపురముంటున్నాం గనుక, ఆస్పత్రి పనిమీద వచ్చే తెలుగువాళ్ళు భాషసాయానికి నన్ను పిలుస్తుంటారు. ఒక ఆస్పత్రిలో జరిగిన సంగతి చెబుతాను. ముంజేయి విరిగిన ఒక అమ్మాయికి తెలుగు తప్ప మరో భాష రాదు. డాక్టరు ఏమడిగినా భర్తే జవాబు చెబుతున్నాడు. "స్నానాల గదిలో జారిపడింది" అన్నాడు. నర్సు అతన్ని ఏదో కాగితం కోసం కౌంటరుకు పంపి, తలుపు దగ్గరగా వేసి, "ఇంట్లో నీకు భయంగా ఉందా?" అని నాచేత అడిగించింది. ఆ పిల్ల బావురుమంది. "అక్కా, నా వీసా ఆయన మీదే ఉంది" అంది.

నర్సు 'మొగుణ్ణి వదిలెయ్' అనలేదు, 'సర్దుకుపో' అని కూడా అనలేదు. చెప్పిందంతా విన్నది, నమ్మింది. దెబ్బ ఎక్కడ, ఎంత, ఎలా తగిలిందో ఆ పిల్ల మాటల్లోనే రాసుకుంది. ఈ రాత్రికి ఎక్కడ ఉంటావని అడిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో వైద్య సిబ్బందికి ఇచ్చిన సూచనలు కూడా దాదాపు ఇవే.

పోలీసు స్టేషను మెట్లెక్కలేని మనిషి కూడా మందుకోసం ఆస్పత్రికి వస్తుంది. ఈ సంగతి గ్రహించే 2000లో ముంబయి బాంద్రాలోని భాభా ఆస్పత్రిలో నగరపాలక సంస్థ, సెహత్ సంస్థ కలిసి 'దిలాసా' అనే విభాగం తెరిచాయి. సాయం కోరివచ్చిన బాధితురాలికి ఆస్పత్రి వైద్యం చేసి తీరాలని మన దేశంలో 2005 నాటి గృహహింస చట్టం చెబుతోంది. బహ్రెయిన్‌లో 2015 నాటి 17వ నంబరు చట్టం కొట్టడాన్నే కాక, మానసికంగా వేధించడాన్నీ, డబ్బు విషయంలో కట్టడి చేయడాన్నీ కూడా హింసగానే లెక్కిస్తుంది. ఎన్నారై భర్తల చేతుల్లో బాధలుపడే స్త్రీల న్యాయ సహాయానికి మన రాయబార కార్యాలయాల్లో 2009లో ఏర్పడిన సంక్షేమ నిధి ఉంది.

చట్టాలున్నాయి, నిధీ ఉంది. లేనిదల్లా మధ్యన నిలబడి తెలుగులో మాట్లాడే మనిషి. అతను భర్త కాకూడదు, భర్త తరఫు చుట్టం కాకూడదు. విన్న మాటను ఉగాది విందులో వడ్డించే మనిషి అసలే కాకూడదు. ఆ పిల్లకు మొగుడంటే ఎంత భయమో, మన నోళ్ళన్నా అంతే భయం.

మన సంఘంలో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, ఇంగ్లీషో అరబ్బీయో ధారాళంగా మాట్లాడే ఆడవాళ్ళున్నారు. అర్ధరాత్రి ఫోనొచ్చినా ఆస్పత్రికి వెళ్ళి, విన్నది కడుపులో దాచుకోగలిగినవాళ్ళు నలుగురు చాలు. మొదటి పేరు నాది రాసుకోండి.