మేక తిన్న పుస్తకానికీ లెక్క ఉంది

సీతంపేట దాటాక ఆటో తారు రోడ్డు వదిలి సిమెంటు బాట ఎక్కింది. రెండు పక్కలా జీడితోటలు, మధ్య మధ్య అనాస మడులు. పార్వతీపురం మన్యం జిల్లాలోని ఆ సవర గూడెం పేరు గానీ బడి పేరు గానీ రాయనని అక్కడి టీచర్ నా దగ్గర ముందే మాట తీసుకున్నారు. "పేరు పడితే మర్నాటి నుంచి చూడ్డానికొచ్చే వాళ్లు ఎక్కువైపోతారండీ, చదువు తక్కువైపోతుంది" అన్నారు. అదీ నిజమే.

ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు. గదులు రెండు, ఉపాధ్యాయులు ఇద్దరు. నాలుగు, ఐదు తరగతులు హెడ్మాస్టారివి, చిన్న తరగతులు మూడూ టీచర్‌వి. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల కోసం ఆవిడ తన గదిలోనే ఓ గ్రంథాలయం నడుపుతున్నారని పాలకొండలో ఒక మిత్రుడు చెబితే చూద్దామని వెళ్లాను.

2019 నవంబరులో జీవో 81తో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియమే అన్నారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఆ గొడవ ఎలా ఉన్నా బడికి మాత్రం ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. మైదానం పిల్లలకు ఒక పేజీ అర్థం కాకపోతే రెండోది ఉంది. ఈ గూడెం పిల్లలకు ఆ రెండు పేజీలూ పరాయివే. ఇంట్లో మాట్లాడేది సవర. అది ముండా కుటుంబపు భాష, తెలుగుతో దానికి చుట్టరికం లేదు. ఐదేళ్ల పిల్ల బళ్లో అడుగుపెట్టిన రోజే రెండు కొత్త భాషలు మీద పడతాయి.

గదిలోకి వెళ్లగానే కంటికి ఆనింది ఒక నైలాన్ తాడు. గోడకి ఈ మూల నుంచి ఆ మూలకి కట్టి, దాని మీద పుస్తకాలను మధ్యకి తెరిచి బోర్లించారు. అట్టలన్నీ పిల్లల వైపే తిరిగి ఉన్నాయి. రెండో తరగతి పిల్ల చెయ్యి చాపితే అందే ఎత్తు. పెద్దవాళ్లు చూడాలంటే వంగాల్సిందే. తాడు కింద ఇటుకల మీద పేర్చిన చెక్కలు, వాటి ముందు చాప. అంతే. బల్ల లేదు, కుర్చీ లేదు, 'నిశ్శబ్దం' అన్న బోర్డు అసలే లేదు.

"వీపు కనబడేలా వరసగా పేరిస్తే మనకి ముచ్చటగా ఉంటాదండీ. చదవడం రాని పిల్లకి ఆ వీపులో ఏటి కనిపిస్తాది?" అన్నారు టీచర్.

నేను వెళ్లేసరికి కథ చదివే వేళ. పోయిన మేకపిల్లను వెతుక్కునే అమ్మాయి కథ, పేజీకి ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం. "వేర్ ఈజ్ మై గోట్?" అని ప్రతి పేజీలోనూ అదే ప్రశ్న. బొమ్మలో మేక ఎక్కడో నక్కి ఉంటుంది. టీచర్ ప్రశ్న చదివి పుస్తకం తిప్పి చూపించగానే పిల్లలంతా సవరలో ఒక్క గోల. గోడవార కూర్చున్న సవర వాలంటీరు, ఆ గూడెం ఆడపడుచే, నవ్వుతూ ఒక్కో మాటా తెలుగులో అందిస్తుంటే, టీచర్ దాన్ని ఇంగ్లీషు చేసి "బిహైండ్ ద ట్రీ" అని తిరిగి పిల్లలకే ఇచ్చేవారు. సవరలో చెప్పొద్దని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. నాలుగో పేజీకి ఒక పిల్లాడు లేచి నిలబడి "బిహైండ్ ద ట్రీ!" అని అరిచాడు. బొమ్మలో మేక మంచం కింద ఉంది. తర్వాతి పేజీలో గడ్డివాములో ఉంటే అప్పుడూ అదే మాట. ఇంగ్లీషులో వాడికి దొరికిన ఆస్తి అది, దాన్ని అన్నిచోట్లా ఖర్చు పెడుతున్నాడు. టీచర్ తప్పనలేదు. "అండర్ ద బెడ్" అని తాను గట్టిగా చెప్పుకుంటూ పోయారు, అంతే. కథయ్యాక వాడు అదే పుస్తకం పట్టుకుని చాప మీద బోర్లా పడుకుని మంచం పేజీ తీసి చాలాసేపు చూశాడు.

తాడు మీద ఉన్నవాటిలో మాటలు లేని బొమ్మల కథలు చాలా ఉన్నాయి. వాటిని ఏ భాషలోనైనా చదవచ్చు. తెలుగు, ఇంగ్లీషు ఒకే పేజీలో ఉన్న తూలిక వాళ్ల పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్టు పుస్తకాలు, ప్రథమ్ బుక్స్ వాళ్ల పలచటి కథలు. ప్రథమ్ వాళ్లకు 2015 నుంచి స్టోరీవీవర్ ఉంది. దాంట్లో కథలను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, తమ భాషలోకి మార్చుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. వాలంటీరు కూర్చుని కొన్నింటిని సవరలోకి మార్చింది. సీతంపేటలో ప్రింటు తీయించి, స్టేప్లరు కొట్టి ఇంగ్లీషు ప్రతి పక్కనే వేలాడదీశారు.

ఆ కథలకు నాలుగు స్థాయిలు ఉంటాయి. మొదటి స్థాయి 250 మాటల లోపు, రెండోది 600 లోపు, అలా పైకి. టీచర్ మొదట్లో స్థాయికొక రంగు బొట్టుబిళ్ల అట్ట మీద అతికించారట. నెల తిరక్కుండానే పిల్లలు దాన్ని కులం చేసేశారు. ఎర్రబొట్టు పుస్తకం పట్టుకున్న వాణ్ణి పచ్చబొట్టు వాడు వెక్కిరించడం, వాడు అర్థం కాని లావుపాటి పుస్తకం చంకన పెట్టుకు తిరగడం. అప్పుడు బొట్టుబిళ్లలన్నీ పీకి చివరి అట్ట లోపలి వైపు అంటించారు. ఇప్పుడవి టీచర్ చూసుకోవడానికే. స్థాయిలు పాఠం చెప్పేవాళ్లకు పనికొస్తాయి, ఒప్పుకుంటాను. పిల్లల నుదుటి మీద మాత్రం అతికించకూడదు. పట్నాల్లో వేలకు వేలు ఫీజులు తీసుకునే బళ్లలో ఇప్పటికీ ఆ పనే చేస్తున్నారు.

గది మూల రెండు అట్టపెట్టెలు కనిపిస్తే ఏమిటని అడిగాను. విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి పంపిన విరాళాలు. తెరిచి చూపించారు. సగం నింపిన వర్కుబుక్కులు, పాత ఎంసెట్ గైడ్లు, రాజకుమార్తెల కథలు, మంచులో బంతులాడే పిల్లలు, కంప్యూటర్ల మీద ఏనాటిదో ఒక బండ పుస్తకం. పంపినవాళ్ల మనసు మంచిదే. కానీ ఇంట్లో అటక ఖాళీ చేసుకోవడానికీ, ఒక పిల్లకి పుస్తకం ఎంచి పంపడానికీ మధ్య ఉన్న తేడా ఆ పెట్టెల్లో బాగా తెలుస్తుంది. టీచర్ పెట్టెకు నాలుగైదు ఏరుకుని మిగతావి పక్కన పెట్టేస్తారు. మంచు కథలు పనికిరావా అంటే, "ఒకటీ అరా పర్లేదండీ, వింతగా చూస్తారు. తాడు నిండా అవే ఉంటే ఇంగ్లీషంటే మనది కాని ఊళ్లో జరిగేదనుకుంటారు" అన్నారు.

అందుకే ఈ ఊరిది ఒకటి తయారుచేశారు. తాడు మీద అన్నిటికన్నా నలిగిన పుస్తకం అదే. పాత క్యాలెండరు కాగితాల వెనక వైపు రాసి, గోనెసంచులు కుట్టే దారంతో కుట్టింది. పేరు 'మా సంత'. సవరల గోడ చిత్రాల్లోలాగా మనుషులు పుల్లల్లాంటి కాళ్లతో, త్రికోణాల ఒంటితో బారులు తీరి నడుస్తున్నారు. తలల మీద అనాస గంపలు, కొండచీపుర్ల కట్టలు. ప్రతి బొమ్మ కింద మూడు వరసలు. మొదటిది సవర, తెలుగు లిపిలో. తర్వాత తెలుగు. దాని కింద ఇంగ్లీషు. మూడో తరగతి పిల్ల రాసిన ఒక పేజీలో ఇంగ్లీషు వరస ఇది: "పైనాపిల్ ఈజ్ హెవీ. మై మదర్ ఈజ్ నాట్ టయర్డ్." ఆ రెండో వాక్యం ఎవరు నేర్పారని అడిగితే, పిల్లే సవరలో చెప్పిందనీ, ఇంగ్లీషు మాటలు మాత్రం తాను అందించాననీ టీచర్ చెప్పారు.

సవరకు సొరాంగ్ సంపెంగ్ అనే సొంత లిపి కూడా ఉంది, 1936లో మంగేయి గమాంగో రూపొందించింది. ఇక్కడి బళ్లలో వాడేది తెలుగు లిపే. పిల్ల ఇంటి భాషలో బడి నడవాలన్న మాట ఈ కొండలకు కొత్తదేమీ కాదు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి ఇక్కడికి దగ్గరే. గిడుగు రామమూర్తి అక్కడే ఉండి సవర నేర్చుకుని, సవర పిల్లలకు బడులు పెట్టి, వాచకాలు రాశారు. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. 2004లో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు అందులో సవర ఒకటి. మనం ఏటా ఆగస్టు 29న గిడుగు పటానికి దండ వేస్తాం. వ్యావహారిక భాష గురించి ప్రసంగాలూ చేస్తాం. ఆయన ముందు ఎవరి బడి గురించి ఆలోచించారో మాత్రం మరిచిపోతుంటాం.

తనిఖీకి వచ్చిన ఒక అధికారి మూడో తరగతి పిల్లలను ఇంగ్లీషులో మాట్లాడమన్నారట. ఎవరూ నోరు విప్పలేదు. ఇన్ని పుస్తకాలు పెట్టి ఏం లాభం అని అడిగారట. కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లోనే మాట్లాడే భాషకీ చదువుకునే భాషకీ తేడా చూపించాడు. వలస వచ్చిన పిల్లలకు ఆటల్లో అక్కరకొచ్చే ఇంగ్లీషు రెండేళ్లలో వచ్చినా, పాఠానికి సరిపడే ఇంగ్లీషుకి ఐదేళ్లూ అంతకు మించీ పడుతుందని తేల్చాడు. అది కూడా వీధిలో, టీవీలో, దుకాణంలో ఇంగ్లీషే వినబడే ఊళ్లో. ఇక్కడ బడి గంట కొట్టాక పిల్ల చెవిన ఒక్క ఇంగ్లీషు ముక్క పడదు. పడాలంటే పుస్తకం ఇంటికి వెళ్లాల్సిందే.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. మన సర్కారు బళ్లలో పుస్తకాలు లేక కాదు, బీరువాలో ఉండిపోయి పిల్లలకు అందవు. పోతే స్టాకు రిజిస్టరులో ఎవరు జవాబు చెప్పాలి? తాళం వేస్తే ఏ భయమూ లేదు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా లెక్క సరిపోతుంది, చెదలు తినకపోతే. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో తన అయిదు సూత్రాల్లో మొట్టమొదటిదిగా పుస్తకాలున్నది వాడటానికేనని రాసుకోవాల్సి వచ్చిందంటే, అప్పటికి గ్రంథాలయాలు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు.

హెడ్మాస్టారు కూడా మొదట ఒప్పుకోలేదు. "నాకు రిటైర్మెంటు దగ్గరపడిందండీ, ఈ పుస్తకాల రికవరీ నా పెన్షన్ మీద పడితే?" అని ఆయన బాధ. దీన్ని పిరికితనం అనడానికి నాకు నోరు రాదు. టీచర్ ఎక్కడ సంపాదించారో గాని కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాల కాగితం ఒకటి తెచ్చి చూపించారట. 2017 నియమాల్లో 215వది. పాఠకులకు ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాల్లో ఏడాదికి ఐదు పోతే అది సహజమైన నష్టమే, నిర్లక్ష్యమో మోసమో కాకపోతే చాలు. అది కేంద్రం వాళ్ల గ్రంథాలయాలకు కదా, మనకు వర్తిస్తుందా అని మాస్టారు. వర్తించినా లేకపోయినా ఢిల్లీ వాళ్లే పుస్తకాలు పోతాయని ఒప్పుకున్నారు కదా అని టీచర్. చివరికి పోయిన ప్రతిదానికీ కారణం రాసిపెట్టాలన్న షరతు మీద సరే అన్నారు.

ఆ రిజిస్టరు నేను చూశాను. ఎడమ పక్క పిల్లలు రాసుకునేది. తేదీ, పేరు, పుస్తకం పేరు. రాయడం రాని ఒకటో తరగతి వాళ్లు పుస్తకం పేరు బదులు అట్ట మీది బొమ్మ గీస్తారు. ఒక వరసలో చేప, ఒక వరసలో లారీ, ఇంకో వరసలో ఏమిటో నాకు తెలియలేదు. 'చీమ' అని గీసిన పిల్లే వచ్చి చెప్పి వెళ్లింది. కుడి పక్క టీచర్ చేతిరాత. "వానలో తడిసింది, ఆరబెట్టి తిరిగి పెట్టాను." "చెల్లి చింపింది, అతికించాను." "మేక తిన్నది, అట్ట మాత్రం తెచ్చాడు." ఆ చివరి దాని పక్కన హెడ్మాస్టారి సంతకం, తేదీతో సహా.

ఇంటికెళ్లిన పుస్తకం అక్కడ ఏమవుతుందో వాలంటీరు చెప్పింది. "మా ఇళ్లలో ముసలోళ్లకి చదువు రాదు కదా సార్. పిల్ల బొమ్మ చూపిస్తే అవ్వ తనకి తోచిన కథ చెప్తాది." మర్నాడు పిల్ల ముందు ఆ అవ్వ కథ తరగతిలో సవరలో చెప్పాలి. ఆ తర్వాతే టీచర్ అచ్చులో ఉన్న ఇంగ్లీషు కథ చదువుతారు. రెండు కథలూ కలవవు. ఎక్కడ కలవలేదో పట్టుకోవడం కోసం పిల్లలు ఇంగ్లీషును చెవులు రిక్కించి వింటారు. ఎన్నో శిక్షణ తరగతుల్లో కూర్చున్నాను గాని ఇంత తెలివైన కిటుకు ఏ మాడ్యూల్‌లోనూ చూడలేదు.

బయల్దేరే ముందు టీ తాగుతుంటే గ్రాంటు సంగతి వచ్చింది. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక బడికి గ్రంథాలయం పద్దులో ఏడాదికి 5,000 రూపాయలు. హెడ్మాస్టారికి ఒక పెద్ద నిఘంటువు, జనరల్ నాలెడ్జి పుస్తకాలు కొనాలని ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లకు అవి నిండుగా కనబడతాయి. టీచర్‌కి పలచటి కథలు ఒక్కోటీ రెండేసి ప్రతులు కావాలి, ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చుని చదువుకునేందుకు. వానాకాలానికి ఒక రేకు పెట్టె కూడా. మీరేమంటారని నన్నడిగారు. నేను టీచర్ వైపే అన్నాను.

"మీకేటండీ, చెప్పి వెళ్లిపోతారు" అన్నారు మాస్టారు నవ్వుతూనే. "పుస్తకాల డబ్బుతో పెట్టె కొంటే ఆడిట్‌లో ఏం రాయమంటారు?"

నాకు జవాబు తోచలేదు. ఆయన కాసేపు లెక్క వేసి రెండేసి ప్రతులకు ఒప్పుకున్నారు. జనరల్ నాలెడ్జి పుస్తకాలు పోయాయి. నిఘంటువు ఒకటి నిలబడింది, కాకపోతే బొమ్మలున్నది కొనాలి, దాన్నీ తాడు కింది చెక్క మీదే పెట్టాలి. పెట్టె సంగతి తన జీతంలో చూసుకుంటానని టీచర్ అంటే, "సగం నేనిస్తానమ్మా, రాయకు" అన్నారు మాస్టారు.