‘ఇటు చూడండి’ అంటే గిత్తలు చూస్తాయా!

పెళ్లిలో ఫొటోగ్రాఫర్ మాటకు తిరుగుండదు. ‘కాస్త ఇటు చూడండి’ అంటే పెళ్లికొడుకు చూస్తాడు. ‘అక్షింతలు ఇంకోసారి వెయ్యండి’ అంటే పెద్దలు వేస్తారు. ఒక్కోసారి పంతులుగారు కూడా మంత్రం ఆపి ఎదురుచూస్తారు. నరసరావుపేటలో పదిహేనేళ్లుగా స్టూడియో నడుపుతున్న అతనికి ఆ మర్యాద బాగా అలవాటైపోయింది. అందుకే గురజాల దగ్గర పల్లె నుంచి బాబాయి ఫోన్ చేసి ‘ఒరే అబ్బాయ్, తిరునాళ్లకి మన గిత్తలు బండ లాగుతున్నాయి. వచ్చి నాలుగు ఫొటోలు తియ్యి’ అంటే ‘అదెంత పని’ అనుకున్నాడు.

ఫోన్ పెట్టేసే ముందు బాబాయి ఇంకో మాటన్నాడు. ‘వీటికిదే ఆఖరి పందెం. మా వాడు ఊళ్లో ఉండడాయె. నాకేమో ఓపిక లేదాయె. బేరం కుదిరింది, వచ్చే వారం తోలుకెళ్లిపోతారు.’

అతనికి మనసులో కలుక్కుమంది. అతని చిన్నప్పుడు వాళ్లింట్లోనూ ఓ జత ఉండేది. ట్రాక్టరు వచ్చాక అమ్మేశారు. నాన్న ఇప్పటికీ వాటి ముచ్చట్లు చెబుతాడు. కానీ, చూపించడానికి ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఊరందరి పెళ్లిళ్లూ ఆల్బమ్‌లకెక్కించిన కొడుకు ఉండి ఏం లాభం?

పల్నాడులో తిరునాళ్లంటే ప్రభలు ఎంత ముఖ్యమో, ఎడ్ల పందేలూ అంతే. ఇక్కడ పోటీ వయసును బట్టి కాదు, పళ్లను బట్టి! రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగాలుంటాయి. ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎక్కువ అడుగుల దూరం లాగితే దానిదే బహుమతి. సముద్రాలు దాటి బ్రెజిల్‌కు వెళ్లి, నెల్లూరు పేరు మీద ‘నెలోర్’గా స్థిరపడిపోయిన పశువులూ ఈ ఒంగోలు జాతివే.

అతను వెళ్లేసరికి దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. మైకు హోరు రెండు పొలాల అవతలికి వినిపిస్తోంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల రేసు జరిగినప్పుడు టీవీలో చూశాడతను. ట్రాక్‌కీ జనానికీ మధ్య కాంక్రీటు గోడలు, వాటి మీద ఇనుప కంచెలు. ఇక్కడ ఉన్నది ఒక మోకు. కమిటీ వాళ్లు అతన్ని ఆ మోకు లోపలికి పంపి ‘జాగ్రత్తండీ, ఫ్లాష్ మాత్రం కొట్టకండి, బెదురుతాయి’ అన్నారు. అంతే!

మొదటి జత కదిలింది. గజ్జెల చప్పుడు, పగ్గాలు పట్టుకుని పక్కన పరుగెత్తేవాళ్ల కేకలు, బండ కింద నేల కీచుమనడం... వాటి వెనకే గోడలా లేచిన దుమ్ము. అతను వరసగా నొక్కేశాడు. పక్కకొచ్చి చూసుకుంటే గుండె జారింది. ఒకదాంట్లో మూపురం ఉంది, తల లేదు. ఇంకోదాంట్లో తోక తప్ప ఏమీ లేదు. కెమెరా గిత్తల్ని వదిలేసి దుమ్మును వెతుక్కుంది. బాగా వచ్చిన ఒకటి రెండిట్లోనూ పాలలాంటి గిత్తలు బూడిదరంగులో ఉన్నాయి.

ఆ రంగు సంగతి మాత్రం చప్పున అర్థమైంది. తెలుపు ఎక్కువగా కనిపిస్తే కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. మధుపర్కాల్లో ఉన్న వధూవరుల్ని తీసేటప్పుడూ ఇదే తంటా. అక్కడ చేసినట్టే ఇక్కడా వెలుతురు ఒక మెట్టు పెంచాడు. గిత్తలు తెల్లబడ్డాయి. కానీ సెకనులో వెయ్యో వంతు వేగంతో తీసిన ఫొటోల్లో అవి కొలువులో పెట్టిన బొమ్మల్లా నిలబడిపోయాయి. లాగుతున్నట్టే లేదు! వేగాన్ని అరవయ్యో వంతుకు దించి, గిత్తలతోపాటు కెమెరానూ తిప్పి చూశాడు. కాళ్లూ దుమ్మూ చెదిరి కదలిక వచ్చింది. తలలు కూడా చెదిరిపోయాయి.

మోకు పక్కన తలపాగాతో కూర్చున్న ఓ పెద్దాయన అప్పటిదాకా చూసి చూసి నవ్వాడు. ‘ఏం బాబూ, మొహం చూస్తన్నావా? మొహంలో ఏముంటది? మెడ చూడు. బలం పెట్టేముందు మెడ దించుద్ది. కాడి మూపురానికి అదుముకుంటది. అప్పుడు నొక్కు.’

పదిహేనేళ్ల అనుభవంలో అతను నేర్చుకోనిది ఆ ఒక్క ముక్కలో ఉంది. తర్వాత రెండు జతలు లాగుతుంటే కెమెరా దించేసి ఉత్తినే చూశాడు. నిజమే, ముందు మెడ వంగుతుంది, గంగడోలు బిగుసుకుంటుంది, ఆ తర్వాతే బండ కదులుతుంది.

మైకులో బాబాయి పేరు వినిపించింది. అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. గిత్తలు ఎదురొస్తున్నాయి. మెడలు వంగాయి... నొక్కాడు. ఆఖరి నిమిషంలో జత నీరసించింది. బాబాయి చేతిలో చర్నాకోల లేచింది. మెడలు వంగాయి... మళ్లీ నొక్కాడు. గంట మోగింది. బాబాయి జత నాలుగో స్థానం. బహుమతులు మూడింటికే.

సాయంత్రం చింతచెట్టు కింద కెమెరాలో ఫొటోలు చూపించాడు. అన్నింట్లోకీ గొప్పగా వచ్చింది ఆ ఆఖరి నిమిషానిదే. ఎగిరిన మట్టిపెళ్లలు, ఉబ్బిన నరాలు, గిత్త కంటి తెల్లగుడ్డు... పైన గాల్లో చర్నాకోల. బాబాయి చాలాసేపు చూశాడు. ఉలవలు ఉడకబెట్టి పెట్టి, సొంత బిడ్డల్లా సాకిన మనిషి. ‘కొట్టానురా... చూడు, ఎట్టా చూస్తందో’ అన్నాడు మెల్లగా.

పశువుల పందేల్లో మనిషి సరదా ఎంత, జీవి బాధ ఎంత అన్నది చిన్న ప్రశ్నేం కాదు. సుప్రీంకోర్టు 2014లో జల్లికట్టునూ ఎడ్లబండి పందేలనూ నిషేధించింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తెచ్చుకున్న చట్ట సవరణలను 2023లో సమర్థించింది. బాబాయికి ఆ తీర్పులు తెలియవు. చేతిలో ఉన్న ఫొటో చాలింది.

‘కావాలంటే ఆ కర్ర తీసేస్తా బాబాయ్. కంప్యూటర్లో రెండు నిమిషాల పని’ అన్నాడతను. పెళ్లికూతుళ్ల మొహాల మీద మొటిమలు ఎన్ని చెరిపాడో లెక్కే లేదు.

బాబాయి తల అడ్డంగా ఊపాడు. ‘వద్దులే. చేసింది చేసినట్టే ఉండనీ. దీన్ని నీ దగ్గరుంచు. గోడకి ఇంకోటి ఇవ్వు.’

ఇప్పుడు బాబాయి ఇంటి వసారాలో వేలాడుతున్నది పందెం ఫొటో కాదు. పందెం అయ్యాక, కాడి దించాక, ఎవరూ చూడనప్పుడు తీసింది. చెమటతో తడిసిన రెండు గిత్తలు, మధ్యలో వాటి నుదుళ్ల మీద చేతులు వేసి నిలబడిన మనిషి. కొట్టం ఖాళీ అయిపోయింది. వచ్చిన చుట్టాలకి బాబాయి ఆ ఫొటో చూపించి ‘మా వాడే తీశాడు’ అంటాడు.

చర్నాకోల ఉన్న ఫొటో స్టూడియో కంప్యూటర్‌లోనే ఉంది. ఎవరికీ ఇవ్వలేదు. చెరపనూ లేదు.